కాగితానికెక్కని కట్టుబాటు

(దొరవారిసత్రంలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆహ్వానపత్రికలో లేదు. అచ్చుతప్పు కాదు. "నా పేరు వేసి పదిమందిని పిలవొద్దు. పిల్లలకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పించండి, చాలు" అని మా మాస్టారు ఇంట్లోవాళ్ళకు చెప్పి పోయారట. దొరవారిసత్రంలో పుట్టి పేరు వద్దనుకోవడం చిన్న సంగతి కాదు. ఇక్కడ ఊరి పేరులోనే ఒక దొరగారు కూర్చున్నారు. ఆ దొరగారి సత్రం దాటి వెళ్ళినవాళ్ళ మూటలకు, చుట్టుపక్కల చెరువు కట్టలకు, కోతకొచ్చిన చేలకు రాత్రంతా కాపలా కాసిన యానాదుల పేరు మాత్రం 'గిరిజన కాలనీ' అనే బోర్డు మీద తప్ప ఎక్కడా కనబడదు. మాస్టారు ఆ రెండో వరసలో నిలబడదలుచుకున్నారని నా అనుమానం.

ఆయన మాకు ఎనిమిదో తరగతిలో సాంఘికశాస్త్రం చెప్పారు. పంచాయతీల పాఠం వచ్చిన రోజు పుస్తకం మూసేసి ఇంటిపని ఇచ్చారు. "మీ వాడలో ఎవరి మాట చెల్లుతుంది? ఎందుకు చెల్లుతుంది? చెల్లనప్పుడు ఏం చేస్తారు? కనుక్కొని రాసుకు రండి." మేమంతా రాసుకొచ్చాం. రెడ్డిగారని ఒకడు, ప్రెసిడెంటుగారని ఇంకొకడు, మా అవ్వ అని నేను. నా పక్కన కూర్చునే యానాది పిల్లవాడికి నోటుపుస్తకం లేదు. లేచి నిలబడి నోటితోనే చెప్పాడు: "మా ఇళ్ళకాడ పెద్ద ఉండాడు సార్. ఆయన చెప్పేది వింటాం. నచ్చకపోతే మూట సర్దుకోని ఇంకో చెరువు కాడికి పోతాం."

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. నల్లబల్ల మీద ఒక మూల 'లేచిపోవడం' అని రాసి, చుట్టూ గీత గీసి, గంట కొట్టేదాకా దానిమీదే మాట్లాడారు. ఓటు లేని చోట మనిషి తన కాళ్ళతో వేసే ఓటు అది అన్నారు. పెద్ద మరీ పెత్తనం చేస్తే మనుషులు వెళ్ళిపోతారు. పక్కన మనుషులు లేని పెద్ద పెద్ద కాడు. అందుకని ఆ పెద్ద నోరు అదుపులో పెట్టుకుంటాడు. ఆ రోజు మాకు అర్థమైంది తక్కువే. నలభై ఏళ్ళుగా నేను తిరిగిన ఆఫీసుల్లో, చదివిన పుస్తకాల్లో ఆ మూలన గీసిన గుండ్రటి గీతే నాకు అడ్డం పడుతూ వచ్చింది.

ఈ పూట విషయం అదే: ఆదివాసుల, మూలవాసుల పాలనా పద్ధతులను చదువుకోవడం, ఆ చదువుతో బతుకుతెరువు. ఇలా అనగానే మనవాళ్ళకు అరకు గుర్తొస్తుంది, ఇంగ్లీషు తెలిసినవాళ్ళకు కెనడా గుర్తొస్తుంది. నాకు మాత్రం ఇక్కడి నుంచి కాసేపట్లో చేరుకోగల నీళ్ళు గుర్తొస్తాయి. బడిపుస్తకం పులికాట్ సరస్సు అంటుంది, మన ముసలివాళ్ళు ప్రళయకావేరి అంటారు. స.వెం. రమేశ్ గారు కథలు రాసి ఆ పేరును తెలుగు పాఠకులందరికీ గుర్తుచేశారు. తడ, సూళ్ళూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాలు దాని అంచున ఉన్నాయి. నేలపట్టు చెరువులోని కడప చెట్ల మీద గూళ్ళు కట్టిన గూడబాతులు రోజూ మేతకు పోయేది అక్కడికే. చెరువు నీళ్ళలో పడ్డ రెట్ట పొలానికి ఎరువని నేలపట్టు రైతుకు తెలుసు, పిట్టను బెదరగొట్టకూడదనీ తెలుసు. 1976లో ప్రభుత్వం అభయారణ్యమని బోర్డు పెట్టకముందే ఆ కాపలా ఉంది.

ప్రళయకావేరి నీళ్ళ మీద 'పాడు' అనే ఏర్పాటు ఉంది. పాడు అంటే వల వేసే చోటు. ఆ చోట వల వేసే వంతు కూడా పాడే. సరస్సు దక్షిణపు కొసన, సముద్రపు మొగ దగ్గర, అరవ వైపు పళవేర్కాడు చుట్టుపక్కల, పట్టణవర్ అనే జాలరి కులం ఊళ్ళలో ఇది బలంగా సాగింది. పరిశోధకులు వచ్చి రాసుకుపోయిందీ ఎక్కువగా అక్కడిదే. మన తీరంలోని పట్టపువాళ్ళకు వాళ్ళు చుట్టాల కిందే లెక్క. మొగ దగ్గర రొయ్య ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. బలమున్నవాడు మొగ దగ్గర తిష్ఠ వేస్తే మిగతావాడు పస్తుండాలి. అందుకని చీటీలు వేసి వంతులు పెట్టుకుంటారు. ఈ రోజు మొగ దగ్గర వల వేసినవాడు రేపు జరుగుతాడు, వెనక ఉన్నవాడు ముందుకొస్తాడు. వంతు తప్పినవాడిని ఊరి పెద్దలు పిలుస్తారు, తప్పు వేస్తారు. పోలీసు లేడు, రసీదు లేదు. పక్కవాడి కన్నే పోలీసు.

వినడానికి ఎంత బాగుందో కదా! ఇక్కడే చదువు అవసరమయ్యేది. బాగుందని పొగిడి ఊరుకుంటే అది సన్మానపత్రమవుతుంది. పాడులో వంతు ఎవరికి? ఆ కులంలో పుట్టిన, పెళ్ళయిన మగవాడికి. అదే నీళ్ళమీద బతికే దళితుడికి, యానాదికి, అరవ వైపు ఇరుళరుకు ఆ వంతుల్లో చోటు లేదు. మొలలోతు నీళ్ళలో దిగి, బురదలో చేతులతో తడుముతూ రొయ్యలేరే యానాది ఆడమనిషికి వంతు సంగతి అటుంచి, ఆమె చేసేదాన్ని వేట అని కూడా ఎవరూ అనరు. కట్టుబాటు సరస్సును కాపాడింది, నిజం. కులాన్నీ కాపాడింది, అదీ నిజం. ఈ రెండింట్లో ఒకటే చెప్పేవాడు చదువుకున్నవాడు కాడు, వకాల్తా పుచ్చుకున్నవాడు.

కట్టుబాటు అనే మాటను ఊరికే వాడలేదు. గవర్నెన్స్‌కు పాలన అని తర్జుమా చేస్తే పైన కూర్చున్నవాడు కనబడతాడు. కట్టుబాటు అంటే తనకు తాను కట్టుబడే మనిషి కనబడతాడు. ఎవరు కూర్చుని నిర్ణయించారు, ఎవరు ఒప్పుకున్నారు, తప్పినవాడికి ఏమవుతుంది, కాలం మారితే దాన్ని ఎలా మారుస్తారు – ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ చదువు. మాస్టారు ఇంటిపనిలో ఇచ్చినవీ దాదాపు ఇవే.

ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నీళ్ళ తగాదా ఒకటి వచ్చినప్పుడు కొందరు పెద్దల్ని వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఏ ఆఫీసో ఇప్పుడు అనవసరం. పెద్దలు గంటసేపు చెప్పారు. ఎవరి తాత కాలంలో ఎక్కడ గడకర్ర నాటారు, ఏ అమావాస్యకు వంతు మారుతుంది, తుఫాను వచ్చిన ఏడు వంతులు ఎలా సర్దుకున్నారు, అన్నీ. అధికారి మర్యాదగానే విన్నాడు. చివర్లో రాసుకున్నది నేను తలకిందులుగా చదివాను: "స్థానిక తగాదా. చర్చించడమైనది." బయటికొచ్చాక ఒక ముసలాయన అడిగాడు, ఏం రాసుకున్నాడు అబ్బయ్యా అని. చెప్పాను. "గంటసేపు మాట్టాడితే మూడు మాటలేనా!" అని కాసేపు ఆలోచించి, "సరేలే, కాగితం ఆయనకాడ ఉండాది, నీళ్ళు మనకాడ ఉండాయి" అన్నాడు.

ఆయన ధైర్యానికి దండం పెట్టాను గాని ఆ మాట నిజం కాదని నాకు అప్పటికే తెలుసు. నీళ్ళు, అడవి, నేల ఏదైనా కాగితం ఎవరి దగ్గరుంటే వాళ్ళ వైపే జరుగుతుంది. ఈ తీరంలో అది ఎలా జరిగిందో చూడాలంటే తూర్పుకు చూస్తే చాలు.

శ్రీహరికోట దీవిని 1835లో కుంఫిణీ ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. మద్రాసు పొయ్యిలకు కట్టెలు కావాలి. దీవిలో అప్పటికే యానాదులున్నారు. తేనె, దుంపలు, వేర్లు, మూలికలు ఎక్కడ దొరుకుతాయో, ఏది ఎప్పుడు తవ్వాలో, ఏది తవ్వకుండా వదలాలో వాళ్ళకు తెలుసు. అడవి సర్కారుదయింది. యానాది ఆ అడవిలో సర్కారుకు సరుకు ఏరిపెట్టే మనిషయ్యాడు. బాస్వెల్ దొర 1873లో నెల్లూరు జిల్లా మాన్యువల్ అచ్చు వేసినా, థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల కులాల పుస్తకంలో పేజీలకు పేజీలు రాసినా, యానాది ఏం తింటాడు, ఎలా ఉంటాడు, ఎన్ని శాఖలున్నాయి అన్నదానికి దొరికినంత చోటు, ఆ అడవిని వాళ్ళు ఏ పద్ధతిలో పంచుకున్నారన్నదానికి దొరకలేదు. తర్వాత దీవి అంతరిక్ష కేంద్రానికి వెళ్ళింది. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు అక్కడి నుంచి ఎగిరింది. రాకెట్టు లేచినప్పుడు మన కిటికీలు అదురుతాయి, మనం మిద్దెలెక్కి చూస్తాం, గర్వపడతాం, పడాలి కూడా. దీవిలోంచి ఇవతలికి వచ్చిన యానాది కుటుంబాల దగ్గర పట్టాలు లేవు. పట్టా లేనివాడు పోగొట్టుకున్నది లెక్కగట్టడానికి రిజిస్టరులో గడి ఉండదు.

కాగితం యానాదికి చేసిన ద్రోహం అంతటితో ఆగలేదు. 1871లో ఉత్తరాదిలో మొదలై, 1911 చట్టంతో మద్రాసుకూ వచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద కొన్ని ప్రాంతాల యానాదులను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. మా యానాది స్నేహితుడు క్లాసులో చెప్పిన హక్కు గుర్తుందా, నచ్చకపోతే మూట సర్దుకుని పోవడం? సరిగ్గా దాన్నే నేరమన్నారు. ఒక జాతి రాజ్యాంగంలో మొదటి అధికరణాన్నే శిక్షాస్మృతిలో చేర్చడం లాంటిదది.

దీనికి ఎదురు నిలిచినవాడు అప్పటి మన నెల్లూరు జిల్లావాడే. వెన్నెలకంటి రాఘవయ్య గారు వకీలు. హాయిగా కోర్టుకు పోయి సంపాదించుకోగలిగి ఉండి, యానాదుల గుడిసెల మధ్య దశాబ్దాలు తిరిగారు. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఆయన యానాదుల మీద 1962లో పుస్తకం వేశారు. తర్వాత సంచార జాతుల మీద, గిరిజన తిరుగుబాట్ల మీద రాశారు. ఈ చదువుకు కెరీర్ ఏమిటని నన్నడిగే తల్లిదండ్రులకు నేను చూపించే మొదటి మనిషి ఆయన. న్యాయశాస్త్రం చదివాడు, గుడిసెలో కూర్చుని విన్నాడు, శాసనసభలో మాట్లాడాడు, చివరికి పుస్తకం రాశాడు. నాలుగు ఉద్యోగాలను ఒక్కడే చేశాడు, ఒక్క జీతం కూడా సరిగ్గా రాలేదు. రెండో సగం మాత్రం మీ పిల్లలకు వద్దు, అందుకే ఇప్పుడు జీతాల సంగతికి వస్తాను.

ముందు చట్టాలు నాలుగు మాటల్లో. పంచాయతీలను గిరిజనుల షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరిస్తూ 1996 డిసెంబరు 24న వచ్చిన పెసా చట్టం, అక్కడి గ్రామసభకు తన ఆచారాలను, ఉమ్మడి వనరులను, తగువులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే సత్తా ఉందని ఒప్పుకుంది. నూటపాతిక ఏళ్ళుగా సర్కారు అనాగరికం అంటూ వచ్చినదాన్ని సర్కారే చట్టంలో రాయడం చిన్న విషయం కాదు. దాని తర్వాతి ఏడే, 1997 జులైలో, బొర్రా గుహల దగ్గరి భూముల మీద సమతా సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదంది. 2013లో ఒడిశా నియమగిరిలో పన్నెండు గ్రామసభలు కూర్చుని బాక్సైటు గని వద్దని పన్నెండూ తేల్చాయి. అవన్నీ కొండల కబుర్లు. మనది షెడ్యూల్డు ప్రాంతం కాదు. ఆంధ్రలో పెద్ద గిరిజన జాతుల్లో యానాదులొకరు. 2011 లెక్కల్లో అయిదు లక్షల పైచిలుకు మనుషులు. అయినా మైదానంలో చెల్లాచెదురుగా ఉండటంతో పెసా వాళ్ళను తాకదు. ఒకచోట గుంపుగా ఉంటేనే స్వపాలన అన్నది గీతలు గీసేవాడి ఆలోచన. కదులుతూ బతికేవాళ్ళ స్వపాలన ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ సరైన జవాబు రాయలేదు. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో ఎవరైనా పరిశోధనకు పోతే, అంశం కోసం గైడును అడగక్కర్లేదు. ఇదిగో, ఇస్తున్నాను.

2006 అటవీ హక్కుల చట్టం మాత్రం మన దాకా వస్తుంది. షెడ్యూలుతో పనిలేదు, అభయారణ్యాలకూ వర్తిస్తుంది. అందులో మూడో సెక్షనులో ఒక చిన్న క్లాజు ఉంది, జలాశయాల్లోని చేపల మీద ఉమ్మడి హక్కు గురించి, సంచార జాతులు రుతువును బట్టి వచ్చి వాడుకునే హక్కు గురించి. అడవి అనగానే చెట్లే గుర్తొచ్చేవాళ్ళ కంట అది పడదు. ఇంకా ముఖ్యమైనది నిబంధనల్లో ఉంది. హక్కు రుజువు చేసుకోవడానికి ఏవి సాక్ష్యాలంటే, పట్టాలు, రసీదులతో పాటు శ్మశానాలు, బావులు, వంశవృక్షాలు, హక్కు కోరే మనిషి కాక వేరే పెద్దలు చెప్పిన మాట, రాతలో పెట్టినది. రాతలో పెట్టినది! చట్టం ముసలాయన మాటను సాక్ష్యంగా తీసుకుంటానంటోంది, ఎవరైనా దాన్ని సరిగ్గా రాసిపెడితే. "చర్చించడమైనది" అని కాకుండా, ఏ గడకర్ర, ఏ అమావాస్య, ఎవరి తాత అన్నీ రాసిపెడితే. ఈ చదువు ఇచ్చే ఉద్యోగం ఏమిటని అడిగితే అన్నిటికీ మొదలు అదే. నోటిమాటను విరగ్గొట్టకుండా కాగితం మీదికి దించే పని.

ఆ పనికి ఎవరు కావాలో మర్లవాయి అనే గోండు ఊరు చెబుతుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కురమ్మని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను ఆదిలాబాదు పంపింది. ఆయన నివేదిక రాసి ఊరుకోలేదు. మర్లవాయిలో గోండు యువకులకే బడి పెట్టాడు, 1943 నుంచి. అక్కడ తయారైనవాళ్ళు పంతుళ్ళయ్యారు, గుమాస్తాలయ్యారు, ఊరి కాగితాలు రాసేవాళ్ళయ్యారు. గోండు భాష వచ్చినవాడి చేతికే ఆ అడవిలో కలం వచ్చింది. గోండుల రాయ్ సెంటర్లు, వాటి సార్‌మేడీలు ఈనాటికీ తగువులు తీరుస్తున్నారు. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీల సమాధులు మర్లవాయిలోనే ఉన్నాయి. యానాదికి అలాంటి మర్లవాయి దొరకలేదు. రాఘవయ్య గారి లాంటి పరాయి మంచివాళ్ళు దొరికారు. తేడా చాలా ఉంది.

బయటి ప్రపంచం గురించి కొంచెం. ఊళ్ళు తమ నీళ్ళను, అడవులను తామే చక్కబెట్టుకోగలవని చూపించినందుకు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఆవిడ పుస్తకం 1990లో వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే రాబర్ట్ వేడ్ అనే ఆయన కర్నూలు జిల్లా కాలువ కింది ఊళ్ళ మీద ఒక పుస్తకం వేశాడు. కాలువ చివర, నీళ్ళ కరువున్న ఊళ్ళే తమలో తాము చందాలేసుకుని, నీళ్ళు కట్టేవాళ్ళను, చేను కాపలావాళ్ళను జీతానికి పెట్టుకున్నాయనీ, నీళ్ళు పుష్కలంగా ఉన్న ఊళ్ళకు ఆ అవసరం రాలేదనీ గమనించాడు. మన ఊళ్ళ సంగతి మనకు ఇంగ్లీషులో తెలిసింది. నొచ్చుకోవాల్సిన విషయమే. కర్నూలు రైతుకు అది తెలియక కాదు, అడిగి రాసుకున్న తెలుగు పిల్లవాడు లేకపోయాడు.

కెనడా ఉత్తరాన యూకాన్ అనే ప్రాంతముంది. అక్కడి పద్నాలుగు మూలవాసి జాతుల్లో పదకొండింటికి సొంత ప్రభుత్వాలున్నాయి, దానికి తోవ వేసిన ఒప్పందం 1993ది. అక్కడి విద్యాసంస్థలో 2018లో మూలవాసుల పాలన మీద డిగ్రీ కోర్సు పెట్టారు. అదే ఏడు విక్టోరియా విశ్వవిద్యాలయంలో మూలవాసుల న్యాయాన్ని, కెనడా న్యాయాన్ని కలిపి చెప్పే లా డిగ్రీ మొదలైంది. అక్కడ ఈ చదువుకు ఉద్యోగాలున్నాయంటే కారణం సులువు. ప్రభుత్వాలున్నాయి, వాటికి బడ్జెట్లున్నాయి, భూమి చూసేవాడు, చేపల సంగతి చూసేవాడు, బడి నడిపేవాడు కావాలి. మనకు అలాంటి ప్రభుత్వాలు లేవు. 2007లో ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనకు భారతదేశం ఓటేసింది, ఓటేస్తూనే మా దేశంలో అందరూ మూలవాసులే అంది. అందరూ అంటే ఎవరూ కాదని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అందుకే మన దగ్గర ఈ కొలువులు ఒకే గుమ్మం దగ్గర దొరకవు. పది శాఖల్లో, వేరే వేరే పేర్లతో చెదిరి ఉంటాయి, యానాదుల్లాగే.

ఎక్కడెక్కడో చెబుతాను. గిరిజన సంక్షేమ శాఖ ఉంది, నెల్లూరులో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అదే ఐటీడీఏ, ఉంది. గ్రూప్స్ రాసి వెళ్ళొచ్చు, సివిల్స్ రాసే పిల్లలు మానవశాస్త్రాన్ని ఆప్షనల్‌గా ఎలాగూ తీసుకుంటారు. మార్కుల కోసం చదివి పరీక్ష అయ్యాక మరిచిపోకపోతే అదే పెట్టుబడి. ఎస్.ఆర్. శంకరన్ గారు ఐఏఎస్ కుర్చీలో కూర్చుని 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని కాగితం మీంచి పొలం గట్టు దాకా నడిపించారు. కుర్చీ అందరికీ ఉంటుంది, నడక కొందరికే వస్తుంది. లా చదివితే భూమి కేసులున్నాయి, అటవీ హక్కుల అప్పీళ్ళున్నాయి. మొదటి అయిదేళ్ళు ఫీజులు రావు, ముందే చెబుతున్నాను. 2013 భూసేకరణ చట్టం పెద్ద ప్రాజెక్టుల ముందు సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలంటుంది. ఆ నివేదికలు రాసే సంస్థలకు పల్లె భాష తెలిసినవాళ్ళు కావాలి. ఇందులో డబ్బుంది, కాబట్టి ప్రలోభమూ ఉంది. ప్రాజెక్టు కట్టేవాడి డబ్బుతో నష్టపోయేవాడి నష్టం రాయాలి. ఎక్కువమంది దీన్ని బాగా రాయరు. మత్స్యశాఖ, మ్యూజియాలు, భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ, అనువాదం, స్వచ్ఛంద సంస్థలు – వీటిని పేర్లు చెప్పి వదిలేస్తున్నాను.

చదువు కోసం దూరం పోనక్కర్లేదు. తిరుపతి శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర శాఖ ఉంది. విశాఖలో, హైదరాబాదులో ఉన్నాయి. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరంలో వచ్చింది, ములుగులో సమ్మక్క సారక్క పేరుతో ఇంకొకటి వచ్చింది. ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ. లా కోసం విశాఖలో దామోదరం సంజీవయ్య, హైదరాబాదులో నల్సార్. ఎక్కడ చేరినా ఒక విడత సెలవులు మాత్రం అమ్మమ్మ ఊళ్ళో కాకుండా గిరిజన కాలనీలో గడపండి. ఆ అనుభవానికి క్రెడిట్లు ఇవ్వరు గాని అది లేనివాడు ఈ పనికి అక్కరకు రాడు.

అన్నిటికంటే చిన్నదనుకునే ఉద్యోగం చివరికి ఉంచాను. పంచాయతీ కార్యదర్శి. రిజర్వేషను వచ్చినచోట యానాది సర్పంచి కుర్చీలో కూర్చుంటాడు, కూర్చోబెట్టినాయన పక్క గదిలో కూర్చుంటాడు. తీర్మానాల పుస్తకం పక్క గదిలోకి వెళ్ళి సంతకానికి మాత్రమే కుర్చీ దగ్గరకొస్తుంది. ఇది మీరూ చూశారు, నేనూ చూశాను. ఆ పుస్తకం రాసేది కార్యదర్శి. సర్పంచి నోట వచ్చిన మాటను వచ్చినట్టు రాసే కార్యదర్శి ఒకడుంటే ఆ కుర్చీ కుర్చీ అవుతుంది. ఐఏఎస్ కలలు కనే పిల్లలకు ఇది రుచించదు. నాకు మాత్రం ఈ వేదిక మీద చెప్పినవాటిలో అన్నిటికంటే పెద్ద కొలువు ఇదేననిపిస్తుంది. యానాది ఇంటి ఆడపిల్ల ఎవరైనా ఆ పుస్తకం పట్టుకున్న రోజు మాస్టారి ఇంటిపని పూర్తవుతుంది.

కాగితాన్ని పొగుడుతున్నానని మీకు అనిపించవచ్చు. దాని చెడుగు కూడా చెప్పాలి. నోట ఉన్న కట్టుబాటు తుఫాను వచ్చిన ఏడు సర్దుకుంటుంది, కాగితానికెక్కినది సర్దుకోదు. ఏజెన్సీలో ముఠాదార్ల పద్ధతి అలా కాగితాల్లో గట్టిపడి, కొండవాడి పెద్దను సర్కారు పన్ను వసూలుదారును చేసింది. 1969లో దాన్ని రద్దు చేసేసరికి పెద్దరికం ఎప్పుడో ఆవిరైపోయింది. పాడులోని మగవాళ్ళ వంతును ఈ రోజు మనం ఉన్నదున్నట్టు హక్కుగా రాసిపెడితే, బురదలో రొయ్యలేరే ఆవిడను ఎప్పటికీ బయట నిలబెట్టినట్టే. రాసేముందు ఎవరిని అడిగాం, ఎవరిని అడగలేదు అన్నది కూడా అదే కాగితంలో రాయాలి. మళ్ళీ ఫలానా ఏడు కూర్చుని మార్చుకోవచ్చని చివర ఒక వాక్యం ఉండాలి. కుర్రవాళ్ళు నన్ను పద్ధతి చెప్పమంటే నేను చెప్పేది ఇంతే.

ఇంకొకటి. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి అక్కడ ఉన్నావా అని అడుగుతుంది. ఆ తేదీన ఎక్కడున్నావని యానాదిని అడిగితే ఏం చెబుతాడు? చెరువు ఎండితే ఇంకో చెరువు, కోతలైతే ఇంకో ఊరు. ఉండిపోవడమే రుజువని చట్టం అనుకుంది. వెళ్ళి మళ్ళీ రావడాన్ని రుజువుగా చూపించడం ఎలా? సంచార జాతులు రుతువును బట్టి వాడుకునే హక్కు అన్న ఆ ఒక్క క్లాజును పట్టుకుని, ఏ నెలలో ఏ చెరువు, ఏ నీళ్ళు, ఎవరెవరు అని ముసలివాళ్ళను అడిగి ఒక పంచాంగంలా రాయొచ్చునని నాకు చాలాకాలంగా ఆశ. నాలుగు కాలనీల్లో మొదలుపెట్టాను. రెండింట్లో సగంలో ఉంది. నా వయసు మీకు కనబడుతూనే ఉంది.

ఆ పంచాంగానికి నాకు మొదట చెప్పినవాడు నా పక్కన కూర్చున్న ఆ పిల్లవాడే. తొమ్మిదిలో బడి మానేశాడు. కొన్నాళ్ళు రొయ్యల గుంటల దగ్గర కాపలా, ఇప్పుడు నీళ్ళున్నప్పుడు నీళ్ళు, లేనప్పుడు కూలి. ఈ సభకు రమ్మని పోయిన ఆదివారం పోయి పిలిచాను, ముందు వరసలో కుర్చీ వేయిస్తానన్నాను. మాస్టారి సభ అంటే తప్పకుండా వస్తానన్నాడు. ఇందాక బండి దిగుతుంటే వాళ్ళ మనవడు ఎదురొచ్చి కబురు చెప్పాడు. పున్నమి దాటింది, నీళ్ళు తగ్గాయి, రొయ్య పడతా ఉండాది, తాత తెల్లారుజామునే పోయాడు అని. అదిగో, ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీ అతనిదే. ఎవరూ కూర్చోకండి.